వెట్టిచాకిరిపై జెనీవా ఒడంబడిక

పొలములో కలుపు తీసినవారికి సాయంకాలము కూలి కొలిచి యిచ్చుట, ఇల్లు కట్టిన మేస్త్రికి వేతనము ముట్టజెప్పుట అందరు నెఱిగిన ధర్మము. పని చేయువాడు తన యిష్టముతో వచ్చును. చేయించుకొనువాడు ప్రతిఫల మిచ్చును. ఇష్టము లేనివానిని దండనభయము చూపి రప్పించి, కూలి యీయకయో, చాలీచాలని కూలి యిచ్చియో పని చేయించుకొన్నచో దానిని వెట్టి యందురు. ఈ మాట తెలుగువారికి క్రొత్తది కాదు. నిజాము పాలనలోని తెలంగాణ పల్లెలలో దొరల గడులకు వెట్టి చేసి నలిగిన కుటుంబము లనేకములు. విశాఖపట్నము మన్యములో 1922వ సంవత్సరమున అల్లూరి సీతారామరాజు నాయకత్వమున రేగిన తిరుగుబాటునకు అడవి చట్టములతోపాటు, బాటలు వేయుటకు కొండవారిచేత బలవంతముగా పని చేయించుటయు ఒక కారణము.

ఆ యేండ్లలోనే ఆఫ్రికా ఖండమునందును వెట్టి ఘోరముగా సాగుచుండెను. కాంగో నదీతీరమున నున్న బ్రాజవిల్ నగరమును, అట్లాంటిక్ సముద్రతీరమునందలి ప్వాంత్ న్వార్ రేవును కలుపుచు ఫ్రెంచివారు 1921లో ఒక రైలుమార్గమును నిర్మింప నారంభించిరి. దాని పొడవు సుమారు 510 కిలోమీటర్లు. నడుమ మయోంబె అను కొండల అడవి యున్నది. యంత్రములు తక్కువగుటచే పలుగులు, పారలు, మనుష్యుల భుజములే ఆ పనికి ఆధారములయ్యెను. సమీప గ్రామముల జనులు చాలనందున, ఎంతో దూరమున నున్న చాద్, ఉబాంగి-షారి ప్రాంతముల నుండి యువకులను బలవంతముగా కూర్చి, పడవలలో తెచ్చి పనిలో నిలిపిరి. ఎండనేలలలో చిరుధాన్యములు తిని పెరిగిన ఆ యువకులకు తేమతో నిండిన ఆ యడవి సరిపడలేదు. అలవాటు లేని తిండి, జ్వరములు, విఱిగిపడు కొండచరియలు వారిని బలిగొనెను. 1934లో మార్గము తెఱవబడునాటికి మృతులైనవారు 17,000 మందికి తక్కువ కారని చరిత్రకారుల అంచనా. ఆంద్రె జీద్ అను ఫ్రెంచి రచయితయు, అల్బేర్ లోంద్ర్ అను పత్రికారచయితయు ఆ స్థితిని కన్నులార చూచి గ్రంథములు వ్రాసిరి. వానిని చదివి ఫ్రాన్సు ప్రజలే కలత చెందిరి.

ఆ రైలుమార్గపు పని సగములో నుండగనే, 1930లో, వెట్టిని మాన్పుటకై లోకదేశములు జెనీవా నగరమున ఒక ఒడంబడిక చేసికొన్నవి. ఆ యొడంబడిక ఎట్లు పుట్టెను? సముద్రములు దాటి, వలస రాజ్యములందలి కూలివానిని చేరుటకు దానికి ఎన్ని యేండ్లు పట్టెను? ఎందు కంత ఆలస్యమయ్యెను? ఈ మూడు ప్రశ్నలకు సమాధానము తెలిసికొన్నచో, మంచి చట్టము వ్రాయుటకును, ఆ చట్టము నెఱవేరుటకును నడుమ నెంత దూర మున్నదో తెలియగలదు.

మొదటి ప్రపంచ సంగ్రామము 1918లో ముగిసెను. మఱుసటి యేట జూన్ 28వ తేదీన వెర్సాయ్ నగరమున సంధి జరిగెను. ఆ సంధిపత్రములో దేశముల సరిహద్దులను గూర్చియే గాక, శ్రామికులను గూర్చియు ఒక భాగమును చేర్చిరి. లోకమున శాంతి నిలువవలెనన్నచో సంఘమున న్యాయ ముండవలెనని ఆనాటి పెద్దలు గ్రహించిరి. ఒక దేశము తన శ్రామికులను పీడించి సరకులను చౌకగా తయారుచేసినచో, తన పనివారిని బాగుగా చూడదలచిన పొరుగుదేశమునకును చిక్కు వచ్చును. కావున దేశము లన్నియు కలిసి కట్టుబాట్లు చేసికొనవలెనని తలచిరి. అట్లు 1919లో పుట్టినదే అంతర్జాతీయ కార్మిక సంస్థ. స్విట్జర్లాండు దేశమునందలి జెనీవా నగరము దానికి కేంద్రస్థానము.

ఈ సంస్థలో ఒక విశేష మున్నది. మహాసభకు ప్రతి సభ్యదేశమును నలుగురు ప్రతినిధులను పంపును. వారిలో ఇద్దరు ప్రభుత్వపక్షమువారు. ఒకరు యజమానుల పక్షమువారు. ఒకరు శ్రామికుల పక్షమువారు. పని చేయువానికిని, చేయించువానికిని ఒకే సభలో ఒకే విధమైన ఓటు కలదు. మూడింట రెండు వంతుల ఓట్లు వచ్చిన తీర్మానము ఒడంబడిక యగును. అయినను, పెండ్లిమాటలు కుదిరినంతనే పెండ్లి కానట్లు, సభలో నెగ్గినంతనే అది ఏ దేశమునకును చట్టము కాదు. ప్రతి ప్రభుత్వమును దానిని విచారించి, ధ్రువపఱచి, ఆ సంగతి జెనీవాకు తెలుపవలెను. ధ్రువపఱచిన దేశము తన చట్టములను దాని కనుగుణముగా సవరించి, అమలు జరుగుచున్న తీరును గూర్చి నివేదికలు పంపవలెను. ఆ నివేదికలను పరీక్షించుటకు నిపుణుల సంఘ మొకటి యుండవలెనని 1926లో నిశ్చయించిరి.

ఆ కాలమున భూగోళములో చాల భాగము పరుల యేలుబడిలో నుండెను. ఆఫ్రికా ఖండము దాదాపుగా ఐరోపా రాజ్యముల మధ్య పంచబడి యుండెను. మఱి లండనులోనో, పారిసులోనో ధ్రువపఱచిన ఒడంబడిక వారి వలస రాజ్యములకు వర్తించునా? సంధిలోని 421వ అధికరణము ఈ ప్రశ్నకు సమాధాన మిచ్చెను. పాలక రాజ్యము తాను ధ్రువపఱచిన ఒడంబడికలను తన వలస రాజ్యములందును అమలుపఱుపవలెను. కాని, స్థానిక పరిస్థితులను బట్టి వర్తింపజేయుటకు వీలులేనిచో మానవచ్చును. లేదా, ఆ పరిస్థితులకు తగినట్లు మార్పులు చేసికొనవచ్చును. ఏమి చేసినదియు జెనీవాకు తెలుపవలెను.

చూచుటకు ఈ నిబంధన సబబుగనే తోచును. ఒక దేశమునకు సరిపడిన కట్టుబాటు మఱియొక దేశమునకు సరిపడకపోవచ్చును గదా! కాని స్థానిక పరిస్థితులు ఎట్టివో నిర్ణయించువా రెవరు? పాలించువారే. తమకు లాభము వచ్చు తోటలకు, గనులకు ఏ కట్టుబాటు వర్తించునో, ఏది వర్తింపదో వారే తీర్పు చెప్పవలసి యుండెను. పని చేయువానిని అడిగినవారు లేరు.

స్థానిక పరిస్థితులను మాటకు ఎంత విలువ యుండెనో తెలియుటకు భారతదేశమే తగిన యుదాహరణము. భారతదేశము నాడు బ్రిటిషువారి పాలనలో నున్నను, సంధిపై సంతకము చేసినందున 1919 నుండియు ఆ సంస్థలో సభ్యదేశ మయ్యెను. స్వయముగా సభ్యదేశమగుటచే 421వ అధికరణము దీనికి వర్తింపలేదు. అయినను అదే భావము వేఱొక దారిని వచ్చెను. వాషింగ్టను నగరమున 1919లో జరిగిన మొదటి మహాసభ, కర్మాగారములలో దినమునకు 8 గంటలు, వారమునకు 48 గంటలు మాత్రమే పని చేయింపవలెనని ఒడంబడిక చేసెను. అందులోనే భారతదేశమునకు వారమునకు 60 గంటలని ప్రత్యేక నిబంధన వ్రాసిరి. బాలలను పనిలో చేర్చుకొనుటకు ఇతర దేశములకు 14 యేండ్ల వయస్సు నియమింపగా, భారతదేశమునందలి కర్మాగారములు, గనులు మొదలగు కొన్నింటికి 12 యేండ్లు నియమించిరి.

ఇందువలన మేలు కలుగలేదనుట తగదు. అంతకుముందు 1911 నాటి చట్టము ప్రకారము బట్టల మిల్లులలో పురుషులచేత దినమునకు 12 గంటలు పని చేయింపవచ్చును. భారత ప్రభుత్వము 1921లో పనిగంటల ఒడంబడికను ధ్రువపఱచి, మఱుసటి యేట కర్మాగారముల చట్టమును సవరించి, దినమునకు 11 గంటలు, వారమునకు 60 గంటలు అని హద్దు పెట్టెను. తొమ్మిదేండ్ల పసివారు మిల్లులలో పని చేయుట మాని, ఆ వయస్సు 12 యేండ్లకు పెరిగెను. భారతదేశముచేత ఇట్లు ధ్రువపఱపించిన బ్రిటను, తన దేశము విషయమున ఆ పనిగంటల ఒడంబడికను ఎన్నడును ధ్రువపఱుపకుండుట గమనింపదగినది.

సభ్యత్వమువలన భారతీయ శ్రామికులకు కలిగిన అసలు లాభము వేఱొకటి. మహాసభకు శ్రామికుల ప్రతినిధిని పంపవలెనన్నచో, వారి పక్షమున మాటాడుటకు ఒక సంఘ ముండవలెను గదా! 1920లో బొంబాయి నగరమున అఖిల భారత ట్రేడు యూనియను కాంగ్రెసు స్థాపించుటకు ఈ యవసరమును ఒక కారణము. లాలా లజపతి రాయ్ దానికి మొదటి అధ్యక్షుడు. 1927లో జెనీవా మహాసభకు భారత శ్రామికుల ప్రతినిధిగా వెళ్లినవాడు, రైలు కార్మికుల నాయకుడును, బరంపురమున పుట్టిన తెలుగువాడును అగు వరాహగిరి వేంకటగిరి. ఆయనయే తరువాత 1969లో భారత రాష్ట్రపతి యయ్యెను. ఆఫ్రికా వలస రాజ్యముల శ్రామికులకు ఇట్టి ప్రతినిధి ఒక్కడును లేడు. ఈ భేదమును జ్ఞప్తియం దుంచుకొనవలెను. తరువాతి కథ యంతయు దీనిపై నాధారపడి యున్నది.

1926లో నానాజాతి సమితి బానిసత్వమును నిషేధించుచు ఒక ఒడంబడిక చేసెను. మనిషిని కొని అమ్ముట బానిసత్వము. కొనకయు, అమ్మకయు, దండనభయముచే పని చేయించుట వెట్టి. పేరు వేఱైనను బాధపడువానికి రెండింటి నడుమ భేద మల్పము. కావున వెట్టిని గూర్చి విచారించు పనిని కార్మిక సంస్థ చేపట్టెను. నిపుణులు విషయములు సేకరించిరి. మహాసభ 1929లో చర్చించెను. 1930 జూన్ 28వ తేదీన ఒడంబడికను ఆమోదించెను. సంస్థ చేసిన ఒడంబడికలలో ఇది 29వది.

ఆ యొడంబడిక మొదట వెట్టి యనగా నేమో నిర్వచించెను. శిక్ష పడునను భయముచేత చేయునట్టిదియు, చేయువాడు తనంతట తాను ఒప్పుకొననట్టిదియు అగు ప్రతి పనియు, ప్రతి సేవయు నిర్బంధశ్రమ యగును. కేవలము సైనికమైన పని, పౌరులు సాధారణముగా చేయవలసిన విధులు, న్యాయస్థానము విధించిన శిక్షలో భాగమగు పని, యుద్ధము, వరద, అగ్నిప్రమాదము, కఱవు, భూకంపము, అంటువ్యాధి మున్నగు ఆపదలలో చేయు పని, గ్రామస్థులు తమ గ్రామము కొఱకు చేసికొను చిన్న పనులు మాత్రము ఇందులో చేరవు.

సాధ్యమైనంత స్వల్పకాలములో నిర్బంధశ్రమను పూర్తిగా తొలగించుటకు ధ్రువపఱచిన దేశములు పూనుకొనవలెను. వ్యక్తుల లాభమునకు గాని, కంపెనీల లాభమునకు గాని ఎవ్వరిచేతను బలవంతముగా పని చేయింపరాదు. గనులలో భూమిక్రింద అట్లు చేయింపనే రాదు. పూర్తిగా తొలగువఱకు, ప్రజోపయోగమునకై మాత్రము, అదియును తప్పనిసరియైనప్పుడు, ఈ హద్దులకు లోబడి చేయింపవచ్చును: పనికి పిలువబడువాడు 18 యేండ్లకు తక్కువయు, 45 యేండ్లకు ఎక్కువయు కాని ఆరోగ్యవంతుడగు పురుషుడై యుండవలెను. ఒక్కొక్క గ్రామమునుండి అట్టివారిలో నాల్గవవంతునకు మించి తీసికొనరాదు. ఏడాదిలో 60 దినములకు మించి పని చేయింపరాదు. పోవుటకు, వచ్చుటకు పట్టు దినములును ఆ లెక్కలోనే చేరును. ఇష్టముతో పని చేయువారికి ఇచ్చునంత కూలిని నగదుగా ఇయ్యవలెను; దానిని గ్రామపెద్ద చేతిలో పెట్టక పనివాని చేతికే ఇయ్యవలెను. గాయపడినవానికి నష్టపరిహార మీయవలెను. పాఠశాలలలో చదువు బాలురను, వారికి చదువు చెప్పు ఉపాధ్యాయులను పనికి పిలువనే రాదు. అన్యాయముగా వెట్టి చేయించినవానిని చట్టము శిక్షింపవలెను.

ఒక్కొక్క నియమము వెనుక ఒక్కొక్క కన్నీటిగాథ కలదు. కూలి గ్రామపెద్దకు ముట్టి పనివానికి ముట్టని సందర్భములు కలవు గనుకనే నగదును అతని చేతికే ఇయ్యవలెనని వ్రాసిరి. నెలల తరబడి నడచి పనిచోటునకు చేరినవారి దినములు లెక్కలోనికి రాలేదు గనుకనే దారిలోని దినములనుగూడ లెక్కింపుమనిరి. ఎండనేలలవారు తేమనేలలలో చనిపోయిరి గనుకనే, తిండియు వాతావరణమును మిక్కిలి భేదించు ప్రాంతములకు పనివారిని తరలింపరాదని మఱియొక నియమము చేర్చిరి.

బ్రిటను 1931లోను, హాలెండు 1933లోను ఈ యొడంబడికను ధ్రువపఱచినవి. ఫ్రాన్సు ధ్రువపఱచినది 1937లో. అప్పటికి కాంగో రైలుమార్గము పూర్తియై మూడేండ్లు గడచినవి. బెల్జియము 1944లోను, పోర్చుగలు 1956లోను ధ్రువపఱచినవి. వెట్టి యెక్కువగా అవసరమైనవారే ఎక్కువ ఆలస్యము చేసిరి.

ధ్రువపఱచిన తరువాతనైనను అమలు జరుగుట సులభము కాలేదు. ఒక జిల్లా అధికారిని తలచుకొనవలెను. ఆయన క్రింద వందల గ్రామము లుండును. వానాకాలము దాటగనే బాటలు బాగుచేయింపవలెను. బాట లేనిదే పన్ను వసూలు కాదు, సరకు కదలదు. అందులకు మనుష్యులను పిలిపించువాడు ఆయనయే. వారు 60 దినములకు మించి పని చేసిరో లేదో లెక్క వ్రాయించువాడు ఆయనయే. ఎక్కువ పని చేయించిరని మొఱపెట్టుకొన్నచో విచారించువాడును ఆయనయే. జెనీవాకు పోవు నివేదికకు వలయు వివరములు పంపువాడును ఆయనయే! కంచెయే చేను మేసినచో చేను మొఱ యెవరు విందురు? ఫ్రెంచి వలస రాజ్యములలో న్యాయస్థానముతో పనిలేకుండ అధికారియే ఆఫ్రికనులను చెఱసాలకు పంపు అధికారము 1940వ దశకము నడుమవఱకు నిలిచి యుండెను. పర్యవేక్షకులు తక్కువ. కూలివానికి ఫ్రెంచి భాష రాదు. తన కొఱకు జెనీవాలో ఒక కాగితము వ్రాయబడినదని అతనికి తెలియనే తెలియదు.

మాటల అర్థమును మార్చి తప్పించుకొను దారులును ఉండెను. ఫ్రెంచి పశ్చిమాఫ్రికాలో యువకులను సైన్యమునకు ఎన్నుకొనువారు. సైన్యమునకు అక్కఱలేక మిగిలినవారిని, 1926 నాటి శాసనము ప్రకారము, సైనికులను పేరుతోనే కాలువలు త్రవ్వుటకును, బాటలు వేయుటకును పంపిరి. నైజర్ నదిపై మార్కాలా ఆనకట్ట నిర్మాణములో వీరి చెమట చాల ఒలికినది. కేవలము సైనికమైన పని మాత్రమే వెట్టి కాదని ఒడంబడిక చెప్పుచున్నది. కాలువ త్రవ్వుట సైనికమైన పని యెట్లగును? అయినను వారు సైనికులే యని పాలకులు వాదించిరి.

దండన లేకయే మనిషిని పనికి లాగు ఉపాయములును కలవు. తూర్పు ఆఫ్రికాలోని కెన్యాలో బ్రిటిషువారు గుడిసెకు ఇంతయని నగదు పన్ను విధించిరి. పొలమే గాని నగదు లేని రైతు, ఆ పన్ను చెల్లించుటకై తెల్లవారి తోటలలో కూలికి పోక తప్పదు. 1920 ప్రాంతము నుండి ఆఫ్రికా పురుషులు కిపాండే యను గుర్తింపుపత్రమును లోహపుబరిణెలో పెట్టి మెడకు వ్రేలాడదీసికొనవలసివచ్చెను. ఇక ఒప్పందపు కూలి సంగతి యొకటి కలదు. ఒప్పందము ముగియకమునుపే పని విడిచినవాడు నేరస్థుడై శిక్ష పొందువాడు. తెలుగు తీరము నుండి మారిషసు, నాటాలు, ఫిజీ దీవులకు ఓడలెక్కిన గిర్మిటు కూలీలు ఈ బాధను బాగుగ ఎఱుగుదురు. పన్నులు మొదలగువానితో పరోక్షముగా నిర్బంధింపరాదని 1930లోనే కార్మిక సంస్థ సిఫారసు చేసెను. ఒప్పందము తప్పినందుకు విధించు శిక్షలను క్రమముగా తీసివేయవలెనని 1939లో ఒకటియు, పూర్తిగా తీసివేయవలెనని 1955లో ఒకటియు ఒడంబడికలు చేసెను.

ఇంతలో రెండవ ప్రపంచ సంగ్రామము వచ్చెను. 1942లో మలయా దేశము జపాను వశమయ్యెను. అచటి తగరము, రబ్బరు బ్రిటనుకు దూరమయ్యెను. వెంటనే బ్రిటిషు ప్రభుత్వము నైజీరియాలోని జోస్ పీఠభూమియందలి తగరపు గనులకు సుమారు ఒక లక్షమంది రైతులను నిర్బంధముగా పంపెను. యుద్ధము ఆపద గనుక ఒడంబడిక అడ్డురాదని వాదించెను. బెల్జియను కాంగోలో రైతులు ప్రభుత్వము చెప్పిన పంటలు నిర్బంధముగా పండించు దినములను 1942లో 60 నుండి 120కి పెంచిరి. ఆపదకాలమునకై విడిచిన సందు, ఆపద వచ్చినంతనే పెద్ద ద్వార మయ్యెను.

అయినను ఆ యుద్ధకాలముననే ఫ్రెంచి వలస రాజ్యమగు ఐవరీ కోస్టులో మార్పునకు బీజము పడెను. అచట కాఫీ, కోకో తోటలు గల ఐరోపావారికి అధికారులే కూలీలను పట్టి యిచ్చుచుండిరి. ఆఫ్రికా రైతులకు తోటలున్నను కూలీలు దొరకరు. పైగా వారినే పట్టుకొనిపోవు భయ ముండెను. ఫెలిక్స్ ఉఫ్వే-బ్వాన్యీ అను వైద్యుడు, తానును కాఫీతోట గలవాడగుటచే ఈ బాధ నెఱిగి, 1944లో ఆఫ్రికా రైతులతో ఒక సంఘమును స్థాపించెను. అదే సంవత్సరమున బ్రాజవిల్ నగరమున సమావేశమైన ఫ్రెంచి గవర్నర్లు, వెట్టిని ఐదేండ్లలో తొలగింపవచ్చునని అభిప్రాయపడిరి.

ఆఫ్రికా ప్రజలు అంతవఱకు ఆగలేదు. యుద్ధము ముగిసిన పిమ్మట ఫ్రాన్సు రాజ్యాంగ సభకు వలస రాజ్యములనుండియు ప్రతినిధుల నెన్నుకొనుటకు వీలు కలిగెను. 1945 చివర ఎన్నికైన ఉఫ్వే-బ్వాన్యీ పారిసు నగరమునకు పోయి, తోడి ప్రతినిధులతో కూడి, వెట్టిని రద్దుచేయు బిల్లును ప్రతిపాదించెను. అది 1946 ఏప్రిల్ 11వ తేదీన చట్ట మయ్యెను. సముద్రాంతర రాజ్యములలో నిర్బంధశ్రమ పూర్తిగా నిషిద్ధమని ఆ చట్టము కొద్ది మాటలలో ప్రకటించెను. వార్త తెలియగనే వేలకొలది కూలీలు తోటలు విడిచి తమ యూళ్లకు నడచిపోయిరి. ఇక తోటలు పాడగునని, వ్యాపారము నశించునని కొందరు జోస్యము చెప్పిరి. ఆ జోస్యము ఫలింపలేదు. తరువాతి యేండ్లలో ఆ దేశపు కాఫీ, కోకోల యెగుమతులు పెరిగెనే గాని తగ్గలేదు. ఇష్టముతో చేయు పనికి బలవంతపు పని ఎన్నడును సాటి కాదని తేలెను.

జెనీవా ఒడంబడికలో లేని శక్తి ఈ చిన్న చట్టమునకు ఎట్లు వచ్చెను? భావ మొకటియే. భేద మెల్ల, దానిని అడిగినవా డెవడను దానిలో నున్నది. 1930లో వాగ్దానము చేసినవాడును, వెట్టి చేయించుకొనువాడును ఒక్కడే. 1946లో వెట్టి బాధను స్వయముగా నెఱిగినవాడు సభలో నిలిచి అడిగెను.

కార్మిక సంస్థయు పాఠము నేర్చెను. 1957లో మఱియొక ఒడంబడిక చేసి, రాజకీయాభిప్రాయములకు శిక్షగా గాని, దేశాభివృద్ధి పేరిట గాని, సమ్మె చేసినందులకు దండనగా గాని నిర్బంధశ్రమను ఉపయోగింపరాదని నిషేధించెను. అదే సంవత్సరమున ఆఫ్రికాలోని గోల్డు కోస్టు, ఘనా యను పేరుతో స్వతంత్రదేశ మయ్యెను. పోర్చుగలు 1959లో ఈ క్రొత్త ఒడంబడికను ధ్రువపఱచెను. కాని దాని వలస రాజ్యములగు అంగోలా, మొజాంబిక్ దేశములలో వెట్టి ఇంకను సాగుచున్నదని ఘనా ప్రభుత్వము 1961లో కార్మిక సంస్థకు ఫిర్యాదు చేసెను. నిన్నటివఱకు వలస రాజ్యమైన దేశము, నేడు ఒక పాలక రాజ్యమును సంజాయిషీ అడిగెను.

సంస్థ ముగ్గురు సభ్యులతో విచారణసంఘమును నియమించెను. వారిలో ఒకరు స్విట్జర్లాండువారు, ఒకరు ఉరుగ్వేవారు, ఒకరు ఆఫ్రికాలోని సెనెగలువారు. వారు సాక్షుల వాంగ్మూలములు విని, స్వయముగా అంగోలా, మొజాంబిక్ దేశములకు పోయి, రేవులను, గనులను, తోటలను, రైలుమార్గములను చూచి, పనివారితో మాటాడిరి. 1962లో తమ నిర్ణయమును ప్రకటించిరి. ఘనా చేసిన ఆరోపణలన్నియు రుజువు కాలేదు. అయినను ఒడంబడిక పోర్చుగలుకు వర్తించిన దినము నుండి అది పూర్తిగా పాటింపబడలేదని వారు తేల్చిరి. ఈలోగా పోర్చుగలు తన పాత కార్మిక చట్టములను మార్చవలసివచ్చెను. జిల్లా అధికారి మాటయే తుది మాటగా నుండిన చోటునకు, ఇతర దేశముల న్యాయవేత్తలు వచ్చి కూలివానిని ప్రశ్నలడుగుట అప్పటికి చిన్న విషయము కాదు.

భారతదేశమున 1950 జనవరి 26వ తేదీన అమలులోనికి వచ్చిన రాజ్యాంగము, 23వ అధికరణములో వెట్టిని నిషేధించెను. స్వతంత్ర భారత ప్రభుత్వము 1954లో 29వ ఒడంబడికను ధ్రువపఱచెను. అప్పు తీర్చుటకై తరతరములు చాకిరి చేయు పద్ధతిని రద్దుచేయుచు 1976లో చట్టము వచ్చెను. 1948 నాటి కర్మాగారముల చట్టము వారమునకు 48 గంటలను నియమించెను. 

వెట్టి లోకమునుండి పూర్తిగా తొలగినదని చెప్పుటకు వీలులేదు. 1930 నాటి ఒడంబడికను ఇంతవఱకు 180కి పైగా దేశములు ధ్రువపఱచినవి. అయినను 2021లో ప్రపంచమున 2 కోట్ల 76 లక్షలమంది నిర్బంధశ్రమలో చిక్కుకొని యున్నట్లు కార్మిక సంస్థయే అంచనా వేసెను. నేడు వారిలో ఎక్కువమందిని పీడించునది ప్రభుత్వములు కావు. అప్పులిచ్చు యజమానులు, మోసపు మాటలతో పరదేశములకు పంపు దళారులు.

చట్టము దీపము వంటిది. దీపము వెలిగించినంత మాత్రమున ఇల్లు శుభ్రపడదు; ఆ వెలుగులో చీపురు పట్టువా రుండవలెను. జెనీవాలో వ్రాసిన కాగితము పదునాఱేండ్లు వేచియుండెను. వెట్టి బాధ నెఱిగినవాడు దానిని చేతబట్టి అడిగిననాడు దానికి ప్రాణము వచ్చెను. తనకుగల హక్కు నెఱుగుటయు, ఎఱిగి అడుగుటయు, అడుగలేనివాని పక్షమున నిలుచుటయు నేర్పునదే నిజమైన చదువు. బడిపిల్లలను వెట్టికి పిలువరాదని ఒడంబడిక వ్రాసినవారు బహుశః ఈ యాశతోనే వ్రాసి యుందురు.